పలక లేని ఫోటో

పాలగట్టు పట్టణం మూడో వార్డులో మురుగుకాలవ మీద కల్వర్టు కట్టినట్టు పురపాలక సంఘం రికార్డుల్లో ఉంది. కాలవ మీద లేదు. ఆ వార్డు జనం రెండు తాటిదుంగలు వేసుకుని దాటుతున్నారు.

కొత్తగా వచ్చిన కమిషనర్ గారు ఈ సంగతి గమనించారు. కల్వర్టు ఏమైందని ఆయన అడగలేదు. కట్టారనడానికి ఆధారం ఏదని అడిగారు. లేదన్నారు. ఆధారం లేకపోవడమే ఈ వ్యవహారంలో జరిగిన లోపమని ఆయన తేల్చారు. ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట పట్టణంలో జరిగే ప్రతి పనికీ మూడు ఫోటోలు ఉండాలి. ఒకటి పనికి ముందు, ఒకటి పని సగంలో, ఒకటి పని పూర్తయ్యాక. ప్రతి ఫోటోలోనూ ఒక పలక కనబడాలి. పలక మీద పని పేరూ, దశా సుద్దతో రాసి ఉండాలి. సంఘం గుర్తించిన ఫోటోగ్రాఫరే తియ్యాలి. ఫోటో లేని పని జరగనట్టే లెక్క. ఫోటో ఉన్న పని జరిగినట్టే లెక్క.

నెల తిరక్కుండా మూడో వార్డు కల్వర్టుకి మూడు ఫోటోలూ వచ్చాయి. వాటిని పెద్దవి చేయించి కార్యాలయం మెట్ల పక్కన తగిలించారు. జనం ఇప్పటికీ తాటిదుంగల మీదనుంచే దాటుతున్నారు. కల్వర్టు లేదని అర్జీ పెట్టుకునే వీలు మాత్రం పోయింది.

ఫలితం బాగుందని ఉత్తర్వును మిగతా విభాగాలకీ వర్తింపజేశారు. జననాల దగ్గర కొంత చిక్కొచ్చింది. పని సగంలో ఫోటో తీయడానికి ఆసుపత్రివాళ్లు ఒప్పుకోలేదు. అక్కడ గది తలుపు ఫోటో చాలునని సవరణ చేశారు. మరణాల దగ్గర సవరణ చెయ్యలేదు. కుమ్మరి వీధి నూకాలమ్మ భర్త నిద్రలో పోయాడు. పని సగంలో ఫోటో లేదు. ఇంటిపన్ను నోటీసు ఇంకా ఆయన పేరనే వస్తోంది. అభ్యంతరం ఉంటే ఆయనే స్వయంగా హాజరై చెప్పుకోవచ్చని నూకాలమ్మకి చెప్పారు.

ఆ తరవాత పెళ్ళిళ్ళ వంతు వచ్చింది.

హైమ టీచరు. పాలగట్టుకి దగ్గరలోని ఊళ్లో పనిచేస్తుంది. ఆమెకి నిశ్చయమైన భానోజీ కూడా టీచరే, జిల్లాకి ఆ చివర. మాఘమాసంలో పెళ్ళి అనుకున్నారు. ఈలోగా టీచర్ల బదిలీల కౌన్సెలింగ్ ప్రకటించారు. భార్యాభర్తలైతే ఇద్దరికీ ఒకే చోట ఇస్తారు. దాన్ని స్పౌజ్ కోటా అంటారు. దానికి పెళ్ళి ధ్రువపత్రం కావాలి. అది లేకపోతే సీనియారిటీ ప్రకారం ఎవరి దారి వాళ్లది. మళ్లీ బదిలీలు ఎప్పుడో శాఖ చెప్పలేదు. కిందటిసారి బదిలీల్లో విడిపోయిన ఒక జంట పిల్లాణ్ణి చెరో నెలా పెంచుతున్నారని హైమకి తెలుసు.

పేరిశర్మ పంతులుగారు పంచాంగం చూసి, మూఢం వస్తోందనీ, ఈలోపు ఉన్నది ఒకటే ముహూర్తమనీ, అది వచ్చే బుధవారం పగలు పదకొండు దాటాక అనీ చెప్పారు. కౌన్సెలింగ్ గురువారం మధ్యాహ్నం. అంటే పెళ్ళి చేసుకుని, తెల్లారి ధ్రువపత్రం తీసుకుని, బస్సెక్కాలి.

పెళ్ళి పనులు హైమ మేనమామ గవరయ్య చేతిలో పెట్టారు. హైమకి తండ్రి లేడు. గవరయ్యది సామియానా కొట్టు. గుండిగలు, కుర్చీలు, పందిరి, అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. వంటవాళ్లు ఆయన మాట కాదనరు. లేనిది ఫోటోగ్రాఫరొక్కడే. నలభై ఏళ్లుగా పెళ్ళిళ్ళకి వెళుతున్నాననీ, ఆ పెళ్ళిళ్ళలో తను చూసినవి ఫోటోగ్రాఫర్ల వీపులేననీ ఆయన అంటూ ఉంటాడు. ఆ వీపుల్లో ఒకదాని కోసం వెతకాల్సి వస్తుందని అనుకోలేదు.

సంఘం గుర్తించిన ఫోటోగ్రాఫర్లు పట్టణంలో ముగ్గురు.

మొదటివాడు సోంబాబు. మూఢానికి ముందు ముహూర్తం కాబట్టి బుధవారం ఎప్పుడో ఇచ్చేశానన్నాడు. ఈమధ్య జనం ఫోటోగ్రాఫర్ని మాట్లాడుకున్నాకే సంబంధాలు చూస్తున్నారని చెప్పాడు. వచ్చే ఏడాది ఒక తేదీని రామాలయం వీధివాళ్లు ఇప్పుడే పట్టుకుపోయారట. పెళ్ళికూతురు ఇంటర్ చదువుతోంది.

రెండోవాడు సర్వేశు. అతని దగ్గర డ్రోన్ ఉంది. బుధవారం పక్క వీధిలో పెళ్ళికి ఒప్పుకున్నాడు. గవరయ్య ముఖం చూసి జాలిపడి, డ్రోన్ అటు తిరిగేటప్పుడు మీ పందిరి కూడా మూలగా పడుతుందనీ, ముహూర్తం వేళకి పందిరి కప్పు తీసేసుకుంటే మనుషులు కూడా పడతారనీ చెప్పాడు. గవరయ్య కాసేపు ఆలోచించాడు కూడా. కానీ పలక పైకి చూపించి పట్టుకోవాలి. వానొస్తే సుద్ద చెరిగిపోతుంది.

మూడోవాడు బుధవారం ఖాళీయే. అయితే అతను పెళ్ళికి ముందు తీసే ఫోటోలే తీస్తాడు. చెరుకుతోటలు, రేవులు, గొడుగులు. పెళ్ళికి రానన్నాడు.

"పీటల మీదకి వచ్చేసరికి మొహాల్లో ఆ ఇది ఉండదండి," అన్నాడు.

గవరయ్య పురపాలక కార్యాలయానికి వెళ్లాడు. మూడు దశల ఉత్తర్వు పనులకి సంబంధించింది కాబట్టి పెళ్ళిళ్ళు ఇంజనీరింగ్ విభాగం కిందికి వచ్చాయి. అసిస్టెంట్ ఇంజనీరు త్రినాథరావు గారు దాన్ని చూస్తున్నారు. ఆయన వచ్చినవాళ్ల మొహం చూడరు. కాగితం చూస్తారు. కాగితం లేకపోతే కాగితం పెట్టాల్సిన చోటు చూస్తారు.

ముందు సదరు వివాహం ఏ పద్దు కిందికి వస్తుందో తేలాలన్నారు ఆయన. నూతన నిర్మాణమా, మరమ్మతా అని అడిగారు.

"అమ్మాయికి మొదటి పెళ్ళేనండి," అన్నాడు గవరయ్య.

"నూతన నిర్మాణం," అని రాసుకున్నారు త్రినాథరావు గారు. తరవాత గుత్తేదారు ఎవరని అడిగారు. పని చేయించేవారు ఎవరని అర్థం. గవరయ్య పేరిశర్మ గారి పేరు చెప్పాడు. గతంలో చేసిన పనుల అనుభవం అడిగితే, నా పెళ్ళి కూడా ఆయనే చేయించారన్నాడు. ఆ నిర్మాణం ఇంకా నిలిచే ఉందా అని అడిగారు. ఉందన్నాడు.

ఫోటోగ్రాఫర్ దొరకలేదన్న మాటకి త్రినాథరావు గారు కంగారుపడలేదు. ఇటువంటి పరిస్థితిని ఉత్తర్వు ముందే ఊహించిందన్నారు. బయట దొరకనప్పుడు విభాగం తన ఫోటోగ్రాఫర్ని పంపుతుంది. అతని పేరు పోతురాజు. పట్టణంలోని కాలవలు, రోడ్లు, గోతులు అన్నీ అతను తీసినవే. మెట్ల పక్కన ఉన్న కల్వర్టు ఫోటోలు కూడా అతనివే.

"మనుషుల్ని తీస్తాడాండీ?" అని అడిగాడు గవరయ్య.

"రోడ్డు పనుల్లో అప్పుడప్పుడు అడ్డం వస్తుంటారు," అన్నారు త్రినాథరావు గారు.

ఆ సాయంత్రం గవరయ్య ఈ కబురు ఇంట్లో చెప్పాడు. హైమ వాళ్ల అమ్మమ్మ సీతాయమ్మ, కాలవలు తీసేవాడు పెళ్ళికి రావడమేమిటని అడిగింది. హైమ భానోజీకి ఫోన్ చేసింది. ఫోటోగ్రాఫర్ పలక తెస్తాడటగా, మనం రోజూ చూసేదేలే అన్నాడు అతను. నవ్వించాలనే అన్నాడు. హైమ నవ్వలేదు. ధ్రువపత్రం రాకపోతే నీ పలక నీదే, నా పలక నాదే అంది. భానోజీ కూడా ఆ తరవాత జోకులు వెయ్యలేదు.

బుధవారం పొద్దున్నే పోతురాజు వచ్చాడు. మెడలో కెమెరా, చంకలో పలక, చేతిలో టేపు. అతను ఎవరికీ నమస్కారం పెట్టలేదు. స్థలం చుట్టూ నడిచి చూశాడు. పనికి ముందు ఫోటోలో స్థలం ఖాళీగా కనబడాలనీ, ఇక్కడ అప్పుడే పందిరి లేచిపోయిందనీ, ఇది నిబంధనకి విరుద్ధమనీ చెప్పాడు. పందిరి వేసినవాడు గవరయ్యే. ఆయన గుడ్లప్పగించి చూశాడు. చివరికి పందిరి ఉండనిచ్చి పీటలు, చాపలు, కొబ్బరిబొండాలు బయటికి మోయించారు. వచ్చిన చుట్టాలని కూడా రోడ్డు మీదకి పంపారు. పెళ్ళికి ముందు ఇక్కడ పెళ్ళి లేదని తెలియాలి.

ఆ ఖాళీలో హైమని ఒక చివరా, భానోజీని ఇంకో చివరా నిలబెట్టాడు. మధ్యలో టేపు సాగదీసి ఇద్దరి చేతికీ చెరో కొసా ఇచ్చాడు. పదమూడు అడుగులు వచ్చింది. ఈ పని పూర్తయ్యేసరికి ఈ పదమూడు అడుగులూ పూడాలని వాళ్లకి వివరించాడు. తరవాత పలకని గవరయ్య చేత పట్టించి కెమెరాకి దగ్గరగా పెట్టించాడు. పలక మీద "వివాహం, నూతన నిర్మాణం, పనికి ముందు" అని ఉంది. అక్షరాలు బాగా పడ్డాయి. పలక వెనక ఎవరున్నదీ పడలేదు.

"మొహాలేవయ్యా?" అంది సీతాయమ్మ కెమెరాలో చూసి.

"పని పేరు కనబడుతోంది కదండీ," అన్నాడు పోతురాజు.

పీటలు మళ్లీ లోపలికి వచ్చాయి. పేరిశర్మ గారు మొదలుపెట్టారు. జీలకర్ర బెల్లం అయింది. తెర దించారు. భానోజీ హైమని చూశాడు. ఆ క్షణంలో ఎవరూ ఫోటో తియ్యలేదు. పోతురాజు వీధరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఉత్తర్వు ప్రకారం ఇంకా సగం కాలేదు.

సగం ఎక్కడొస్తుందని అతను పంతులుగారిని ముందే అడిగి ఉన్నాడు. శాస్త్రప్రకారం ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టడంతోనే పెళ్ళి జరిగినట్టని ఆయన చెప్పారు. జరిగిపోతే సగం ఎలా అవుతుందని పోతురాజు ఒప్పుకోలేదు. కొలవడానికి వీలున్నది ఏదైనా ఉందా అని అడిగాడు. మూడు ముళ్లున్నాయని తెలిసింది. మూడులో సగం ఒకటిన్నర.

భానోజీ తాళి తీసుకుని మొదటి ముడి వేశాడు. మేళం జోరందుకుంది. రెండో ముడికి దారం తిప్పుతుండగా పోతురాజు చెయ్యెత్తి ఆపమన్నాడు. మేళం ఆగింది. ముడి బిగియ్యకుండా, వదిలెయ్యకుండా అలాగే పట్టుకోమన్నాడు. భానోజీ పట్టుకున్నాడు. పోతురాజు టేపు తీసి దారం కొలిచాడు. పలక తుడిచి "పని సగంలో" అని రాశాడు. సుద్ద విరిగింది. ఇంకో సుద్ద కోసం ఎవరో పక్కింటికి వెళ్లారు.

అక్షతలు చేతుల్లో పట్టుకుని జనం నిలబడి ఉన్నారు. ఇప్పుడు వెయ్యాలో తరవాత వెయ్యాలో వాళ్లకి తెలియలేదు. ఇద్దరు ముగ్గురు సగం వేశారు.

"ఒకటిన్నర ముడికి మంత్రం లేదు నాయనా," అన్నారు పేరిశర్మ గారు. "మొదటిదానికి ఉంది, రెండోదానికి ఉంది. మధ్యలో నేనేం చదవను?"

"ఏం చదవకండి. మీ పెదాలు కదిలితే పని ముందుకెళ్లినట్టు వస్తుంది," అన్నాడు పోతురాజు.

సీతాయమ్మ కుర్చీలోంచి లేచింది. "ఇక్కడ ఆగిపోతే పిల్ల ఇప్పుడు మనదా, వాళ్లదా? ఎవరైనా చెప్పండర్రా," అంది. వియ్యపురాలు సమాధానం చెప్పబోయి మానేసింది. అది ఆ పరిస్థితిలో తేలే విషయం కాదు.

సుద్ద వచ్చింది. ఫోటోలో పలకే పడింది. రెండో ముడి బిగిసింది. మూడోది పడింది. తలంబ్రాలు పోసుకున్నారు. ఏడడుగులు నడిచారు. ఒక్కో అడుగూ ఎంత పొడవుందో పోతురాజు కొలిచాడు గానీ దాన్ని ఎక్కడ రాయాలో ఉత్తర్వులో లేదు.

పని పూర్తయ్యాక ఫోటోకి పలక సిద్ధం చేసుకుని, ఇంకా ఏమైనా మిగిలిందా అని అడిగాడు. ఇంక అరుంధతీ దర్శనమేనన్నారు పంతులుగారు. వధూవరులని వాకిట్లోకి తీసుకొచ్చారు. ఎండ నడినెత్తిన ఉంది. పేరిశర్మ గారు ఉత్తరం దిక్కుకి చెయ్యి చాపి, అదుగో వశిష్ఠుడు, ఆ పక్కన అరుంధతి, కనబడిందా అమ్మా అని అడిగారు. కనబడిందండి అంది హైమ. భానోజీ కూడా కనబడిందన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు తమకీ కనబడినట్టు తలూపారు. ఏ ఊళ్లో ఏ పెళ్ళిలోనైనా ఇంతే. కనబడలేదన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

పోతురాజు కెమెరా ఆకాశం వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. తరవాత పలక మీద "పూర్తయింది" అన్న మాట చెరిపేశాడు.

"చుక్క లేదండి," అన్నాడు.

పగలు కనబడదనీ, కనబడినట్టు అనుకోవడమే ఆచారమనీ గవరయ్య చెప్పి చూశాడు. అనుకోవడాన్ని ఫోటో తీయలేనని పోతురాజు పలక చంకలో పెట్టుకున్నాడు. పెళ్ళి భోజనం చేసి వెళ్లాడు. మూడో ఫోటో లేదు.

గురువారం పొద్దున కార్యాలయం తెరిచేసరికి హైమ, భానోజీ, గవరయ్య మెట్ల మీద ఉన్నారు. జిల్లా కేంద్రానికి బస్సు పదకొండింటికి. త్రినాథరావు గారు ఫైలు చూసి, సదరు పనిలో ఒక అంశం మిగిలిపోయినందున పూర్తి ధ్రువపత్రం ఇవ్వడానికి వీలుపడదన్నారు. నక్షత్రాన్ని వందమంది చూశారని గవరయ్య అన్నాడు.

"మూడో వార్డు కల్వర్టుని కూడా వందమంది చూశామన్నారు. అందుకే కదా ఈ ఉత్తర్వు," అన్నారు త్రినాథరావు గారు.

గవరయ్య కమిషనర్ గారి గది ముందు నిలబడ్డాడు. పిలిచారు. కమిషనర్ గారు సావధానంగా విన్నారు. నక్షత్రం ఉనికిని ఈ కార్యాలయం ప్రశ్నించడం లేదనీ, ప్రాచీన సంప్రదాయాల పట్ల సంఘానికి గౌరవం ఉన్నదనీ, అయితే పారదర్శకత విషయంలో నక్షత్రాలకీ మినహాయింపు ఇవ్వలేమనీ చెప్పారు. దరఖాస్తుదారుల అవసరాన్ని దృష్టిలో పెట్టుకుని తాత్కాలిక ధ్రువపత్రం ఇవ్వమని ఆదేశించారు. త్రినాథరావు గారు అది తయారుచేశారు. పైన పేర్కొన్న ఇరువురూ తొంభై శాతం మేరకు భార్యాభర్తలై ఉన్నారనీ, మిగిలిన పది శాతం ప్రగతిలో ఉన్నదనీ అందులో ఉంది.

హైమ అది చదివింది. కౌన్సెలింగ్‌లో తొంభై శాతం భార్యాభర్తల కోటా లేదంది. అక్కడ భార్యాభర్తలైతే ఒకే ఊరు, కాకపోతే రెండూళ్లు. త్రినాథరావు గారు తలెత్తలేదు. అది విద్యాశాఖ లోపం, మా పరిధిలోకి రాదన్నారు.

హైమ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఒంటి మీద ఇంకా పెళ్ళిచీరే ఉంది. భానోజీ పక్కన కూర్చున్నాడు. బస్టాండు వైపు చూస్తున్నాడు. కొంతసేపటికి హైమ తల తిప్పింది. గోడ మీద కల్వర్టు ఫోటోలు ఉన్నాయి. మూడింటిలోనూ పలక ఉంది. మూడో ఫోటోలో పలక వెనక సిమెంటు కల్వర్టు, దాని గోడ మీద ఎర్రరంగు అక్షరాలు. హైమ మూడో వార్డులోనే పుట్టింది. తాటిదుంగలు దాటుకుంటూనే బడికి వెళ్లింది.

పోతురాజు ఆ పక్కనే బల్ల మీద కూర్చుని సుద్దముక్కలు చెక్కుకుంటున్నాడు. హైమ లేచి అతని దగ్గరికి వెళ్లింది.

"ఈ కల్వర్టు ఎక్కడుందండీ?" అని అడిగింది.

"ఫోటోలో ఉందండి," అన్నాడు పోతురాజు.

"మూడో వార్డులో లేదుగా. మరి ఎలా తీశారు?"

పోతురాజు దాపరికం లేకుండా చెప్పాడు. పూర్తయ్యాక ఫోటో తెమ్మని రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చారు. ఎక్కడ తీయాలో ఆదేశంలో లేదు. ఆ నెలలో అత్తారింటికి వెళ్లాడు. అక్కడ కొండదారిలో మంచి కల్వర్టు కనబడింది. రంగుతో మూడో వార్డు అని రాసి, ముందు పలక పెట్టి తీశాడు. పలక మీద మూడో వార్డు అని ఉంటే అది మూడో వార్డు. అధికారులు చూసేది పలకనే.

హైమ గోడ మీది ఫోటోని ఇంకోసారి చూసింది. తరవాత బడిలో పిల్లలకి చెప్పినట్టే నెమ్మదిగా చెప్పింది. "అయితే చుక్క ఎందుకండీ? పలక పెట్టండి."

పోతురాజు ఆలోచించాడు. దానికి పూర్వోదాహరణ ఉంది. అది గోడ మీదే ఉంది.

గవరయ్య బండి మీద వెళ్లి పేరిశర్మ గారిని తీసుకొచ్చాడు. ఆయన అప్పుడే నోట్లో పెట్టుకున్న ఇడ్లీతో వచ్చారు. కార్యాలయం ఆవరణలో జెండా దిమ్మ పక్కన హైమనీ భానోజీనీ నిలబెట్టారు. సాక్షులుగా గుమాస్తాలు వచ్చారు. ఒక పద్ధతి ప్రకారం జరగాలని త్రినాథరావు గారూ వచ్చి నిలబడ్డారు. పంతులుగారు ఉత్తరం దిక్కుకి చెయ్యి చాపారు. అందరూ తలలెత్తారు. పైన తెల్లటి ఎండ తప్ప ఏమీ లేదు.

"కనబడిందా?" అన్నారు పేరిశర్మ గారు.

"కనబడిందండి," అన్నారు అందరూ. త్రినాథరావు గారి గొంతు అందులో స్పష్టంగా వినబడింది. తన పెళ్ళిలోనూ ఆయన అదే మాట అని ఉంటారు.

పోతురాజు పలకని కెమెరాకి ఎదురుగా ఎత్తించాడు. "అరుంధతీ నక్షత్రం. పూర్తయింది." పలక మధ్యలో పడింది. దాని చుట్టూ కొంత ఆకాశం, పంతులుగారి వేలు. వధూవరుల మొహాలు పలక వెనక ఉన్నాయి.

త్రినాథరావు గారు ఫోటో పరిశీలించారు. ఇప్పుడు నక్షత్రం విషయంలో ఎటువంటి సందేహానికీ తావులేదన్నారు. సంతకం పెట్టారు. ధ్రువపత్రంలో, పై ఇరువురి వివాహం అనే పని అన్ని విధాలా నాణ్యతతో పూర్తయినదనీ, రెండేళ్లలోపు పగుళ్లు, కుంగుబాటు వంటివి ఏర్పడినచో గుత్తేదారు పేరిశర్మ తన సొంత ఖర్చుతో బాగుచేయవలెననీ రాసి ఉంది. పేరిశర్మ గారు అది రెండుసార్లు చదివారు. మీరిద్దరూ నా మొహం చూసైనా పోట్లాడుకోకండమ్మా అన్నారు.

బస్సు అందింది. కౌన్సెలింగ్‌లో గుమాస్తా ధ్రువపత్రం ముద్ర చూశాడు. లోపల ఏముందో చదవలేదు. ఇద్దరికీ ఒకే బడి ఇచ్చారు. కొండగెడ్డ అనే ఊరు. బస్సు ఊరిదాకా వెళ్లదు. ఎవరూ కోరుకోని బడి కాబట్టి రెండు ఖాళీలూ అక్కడే ఉన్నాయి. హైమ సంతకం పెట్టి బయటికొచ్చి భానోజీ చేతిలో కాగితం పెట్టింది. ఒకటే కాగితం. రెండు పేర్లు.

ఆ పై సోమవారం వాళ్లు సామాను మోసుకుని కొండదారిన నడుస్తున్నారు. గెడ్డ, అంటే కొండవాగు, అడ్డం వచ్చింది. గెడ్డ మీద కల్వర్టు ఉంది. దాని గోడ మీద ఎర్రరంగుతో "పాలగట్టు పురపాలక సంఘం, మూడో వార్డు, పని పూర్తయింది" అని రాసి ఉంది.

హైమ సామాను దించేసింది. పశువులు తోలుకుంటూ వస్తున్న ఒకావిడని ఈ రాతేమిటని అడిగింది. ఎవరో వచ్చి రాసి వెళ్లాడనీ, అప్పటినుంచీ తాము పట్టణంలో కలిసిపోయామనీ చెప్పి, వీధి దీపాలు ఎప్పుడొస్తాయో మీకేమైనా తెలుసా అని ఆవిడ అడిగింది. భానోజీ తెలియదన్నాడు.

ఇద్దరూ కల్వర్టు గోడ మీద కూర్చున్నారు. చెమటలు పట్టి ఉన్నారు. హైమ జడలో పెళ్ళినాటి పూలలో ఒకటో రెండో వాడినవి మిగిలాయి. పెళ్ళి ఫోటోలు మూడు ఉన్నాయి గానీ, మూడింటిలోనూ తాము కనబడరని భానోజీకి అప్పుడు గుర్తొచ్చింది. ఫోను పశువులావిడ చేతికిచ్చి ఎక్కడ నొక్కాలో చూపించాడు. ఆవిడ నొక్కింది. ఏదో అన్నది కూడా, పశువు అడ్డం వస్తోందని. ఆ మాటకి హైమ నవ్వింది. భానోజీ ఆమె వైపు తిరిగాడు. అదే ఫోటోలో పడింది.

హైమ ఆ కల్వర్టు సంగతి రాసి, ఫోటో గవరయ్యకి పంపింది. గవరయ్య ముందు సీతాయమ్మకి చూపించాడు. ఆవిడ చాలాసేపు చూసి, ఇది చాలురా అంది. తరవాత గవరయ్యకి ఒక ఆలోచన వచ్చింది. ఆయనా మూడో వార్డువాడే. ఆయన కార్యాలయానికి వెళ్లి ఫోను త్రినాథరావు గారి ముందు పెట్టాడు. మన మూడో వార్డు కల్వర్టు కొండల్లో ఉందనీ, ఆధారం దొరికిందనీ, మనకి ఇక్కడ ఒకటి కట్టించాలనీ చెప్పాడు.

త్రినాథరావు గారు ఫోను దగ్గరికి తీసుకుని చూశారు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశారు.

ఇందులో పలక లేదన్నారు. గోడ మీద ఎర్ర అక్షరాలున్నాయని గవరయ్య చూపించాడు. వాటి మీద కాళ్లు వేలాడుతున్నాయి, చదవడానికి వీల్లేదన్నారు.

"పలక లేనప్పుడు ఇది కల్వర్టు ఫోటో అనడానికి వీలుపడదు. ఎవరో కొత్తగా పెళ్ళయినవాళ్లు, దారిలో కూర్చుని తీయించుకున్నారు. అంతే," అన్నారు.

గవరయ్య ఫోను తీసుకోలేదు. "పలక లేకుండా పెళ్ళయిందని మీకెలా తెలిసిందండీ?" అని అడిగాడు.

త్రినాథరావు గారు ఫోను ఇటు తోశారు.

"చూస్తే తెలియడం లేదటయ్యా," అన్నారు.